ఆడతాడు

సుంగ్ హో అన్నాడు పేరు.
రెండో పూటకే మా షెడ్డులో సంగయ్య అయిపోయాడు.
కొబ్బరిపీచు మిషను బిగించడానికి కొరియా నుంచి వచ్చాడు,
దాని పళ్లచక్రం ఒకటి ఇంకా ఓడలోనే ఉంది.
అది వచ్చేదాకా పనేముంది మనిషికి?
మేం తాడు పేనుతుంటే
ఎదురుగా గొంతుక్కూర్చుని మా వేళ్లకేసి చూసేవాడు.

మూడోనాడు నా చేతిలో పీచు లాక్కుని
రెండరచేతుల మధ్య నలిపాడు.
పురి ఎడంవైపు తిరిగింది.
"అది చావింటి పురిరా నాయనా" అంది కుమారమ్మ పిన్ని.
వాళ్లూళ్లో దేవుడి తాడు ఎడం పురేనట.

ఫోను కొంత చెప్పింది, మిగతాది చేతులు చెప్పాయి.
ఏడాదిలో తొలి పున్నమికి, వాళ్లవ్వ ఊళ్లో,
గడపగడపకీ తిరిగి గడ్డి ఎత్తుతారట.
కలవాడైనా లేనివాడైనా ఒక్కటే మోపు.
ఊరంతా కూర్చుని పేనితే
తాటిమొద్దంత లావున రెండు తాళ్లు:
మగతాడు, ఆడతాడు.
ఆడతాడు ఉచ్చులో మగతాడు తల దూర్చి
అడ్డంగా దుంగ దిగ్గొడతారట.
ఇక్కడ షెడ్డంతా ఒకటే నవ్వు.
"పెళ్లిచేసి మరీ లాగిస్తారా!" అంది వీరవేణి.

అటు మగాళ్లు. ఇటు ఆడాళ్లూ, పెళ్లికాని కుర్రాళ్లూ.
ఆడవైపు గెలిస్తేనే పంట.
"మరి మగాళ్లు ఊరుకుంటారా?"
"గెలిస్తే తిండి లేదు" అన్నాడు సంగయ్య, తెలుగులోనే.
అతను ముందుగా నేర్చిన మాట తిండి.

దాళ్వా కోతలైపోయాయి.
మిషను కోసిన గడ్డి పురికి నిలవదు, ముక్కలు ముక్కలు.
కాలవ దిగువ పల్లపు చేలో
మిషను దిగబడే చోట, చేత్తో కోసింది దొరికింది.
పుల్లేశ్వర్రావు గారు రెండు మోపులిస్తానన్నారు.
ఒకటే అన్నాం.
ఆయన్ని వద్దనడం అదే మొదటిసారి. బాగుంది.

ఒక మాట చెప్పాలి మీకు.
తీర్థానికి రథం మోకు పేనేది మా పేట ఆడాళ్లమే.
నలభై బారలు.
గోనెలో చుట్టి గుమ్మం బయట పెట్టి వచ్చేస్తాం.
ఆ తరవాత దాన్ని ముట్టుకునే వీలు మా చేతులకి లేదు.
అమ్మా అంతే, నేనూ అంతే.
కూలి ఏనాడూ ఆపలేదు, అబద్ధమెందుకు.

చైత్ర పున్నమి రాత్రి, కోసిన చేలో,
ఏ గడ్డి ఎవరి చేనిదో పురిలో పోల్చుకోలేకపోయాను.
పెద్దవీధి మంగతాయారు గారు
నా వెనకే నిలబడి అదే తాడు పట్టుకున్నారు.
ఆవిడ గాజులు నా మోచేతికి,
ఆవిడ ఊపిరి నా మెడ మీద.
ఏమన్నా అనుకుందామంటే తీరికేదీ?
ఇజ్రాయేలు డప్పు మీద దెబ్బ వేశాడు.
వరిమొదళ్లు అరికాళ్లలో దిగాయి.
సంగయ్య వాళ్ల కేకేదో వేశాడు, మేం హైలెస్సా అన్నాం,
రెండు కేకలూ ఒకేచోట ఊపిరి వదిలాయి.

మేమే వదిలేశాం అంటారు మగాళ్లు, ఇప్పటికీ.
నా అరచేతులు చూపిస్తాను, రండి.

పంట సంగతి అడక్కండి.
కార్తీకంలో గాలివాన, చేలన్నీ పడుకున్నాయి.
తాడేం చేస్తుంది పాపం.

చక్రం ఎప్పుడో వచ్చేసింది. సంగయ్య వెళ్లిపోయాడు.
పదిమంది పని మిషను ఒక్కటే చేస్తోంది.
ఈ ఏడు రథం మోకూ దానిమీదే. మమ్మల్ని పిలవలేదు.
ఆ రాత్రి తలా ఒక మూర కోసుకెళ్లాం.
నాది చూరుకి కడితే
గేదె మెడ చాచి సగం తినేసింది.

మొన్న లాకుల దగ్గర మంగతాయారు గారు ఆగారు.
"మళ్లీ ఎప్పుడే?" అన్నారు.
ఏంటండీ అన్నాను.
అటూ ఇటూ చూసి
రెండరచేతులూ తెరిచి చూపించారు.